సీసా తిరిగి వచ్చే దారి

పాతకాలపు రేడియో పెట్టెను చూచినవారికి దాని నల్లని, నున్నని తొడుగు జ్ఞాపకం ఉండక మానదు. దాని పేరు బేకలైటు. బెల్జియం దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1907లో దానిని తయారుచేసి, 1909లో లోకానికి వెల్లడించినాడు. ప్రకృతిలో లభించే జిగురులతోగాని, లక్కతోగాని పని లేకుండా, పూర్తిగా ప్రయోగశాలలో పుట్టిన మొదటి ప్లాస్టిక్కు అదే. లోపలి వాల్వులు మాడిపోయినా ఆ పెట్టె పైతొడుగు చెక్కుచెదరలేదు. తండ్రి కొన్న రేడియోను కుమారుడు కూడా విన్న ఇండ్లు ఎన్నో ఉన్నవి. నేడు అదే ప్లాస్టిక్కు కుటుంబానికి చెందిన పల్చని సంచి ఒకటి కూరగాయల అంగడినుండి ఇంటివరకు, అనగా ఒక పావుగంట సేపు, పనిచేసి చెత్తకుండీలోకి పోతున్నది. పావుగంట పనికి వందల ఏండ్ల మన్నిక గల పదార్థాన్ని వాడుతున్నాము. ఈ పొత్తు కుదరని లెక్కను సరిదిద్దే మార్గాలేవో ఈ ప్రసంగంలో ఆలోచింతము.

ముందుగా ఈ పదార్థం స్వభావం కొంత తెలియవలెను. ప్లాస్టిక్కులలో ముఖ్యంగా రెండు జాతులున్నవి. బేకలైటు కుమ్మరి ఆవంలో కాలిన కుండ వంటిది. ఒకసారి గట్టిపడిన తరువాత దానిని మరల కరిగించి మరొక రూపం ఇవ్వలేము. రెండవ జాతి లక్క వంటిది. వేడిచేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. మన ఇండ్లలోనికి ప్రతిదినం వచ్చే సంచులు, సీసాలు, డబ్బాలు చాలవరకు ఈ రెండవ జాతివి. వీటిలో అగ్రస్థానం పాలిథీనుది. 1933 మార్చిలో ఇంగ్లండులోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ ప్రయోగశాలలో రెజినాల్డ్ గిబ్సన్, ఎరిక్ ఫాసెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అధిక పీడనంలో వాయువులతో ప్రయోగం చేస్తూ ఉండగా, పాత్ర అడుగున తెల్లని మైనం వంటి పదార్థం అనుకోకుండా కనిపించినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడారు యంత్రాల తీగలకు దానిని తొడుగుగా వాడినారు. అంత విలువైన పనికి పుట్టిన పదార్థం, యుద్ధం ముగిసి ఉత్పత్తి పెరిగి వెల తగ్గిన పిదప, ఉప్పును పప్పును చుట్టే పనికి దిగినది.

దిగిన తరువాత ఏమైనదో చెప్పే అంకెలు ఉన్నవి. అమెరికాలో పనిచేసే రోలండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లా అనే శాస్త్రజ్ఞులు 2017లో ఒక లెక్క ప్రకటించినారు. 1950 మొదలు 2015 వరకు మానవులు తయారుచేసిన ప్లాస్టిక్కు సుమారు 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే వ్యర్థమైపోయినవి. ఆ వ్యర్థంలో నూటికి 9 వంతులు మాత్రమే మరల వస్తువులుగా మారినవి. 12 వంతులు కాల్చివేయబడినవి. మిగిలిన 79 వంతులు చెత్తగుట్టలలోను, నేలలోను, నీటిలోను చేరినవి. నూలుగా మారే భాగాన్ని మినహాయిస్తే, ఏటేటా తయారయ్యే ప్లాస్టిక్కులో సుమారు ఐదింట రెండు వంతులు కేవలం సరకులను చుట్టడానికే పోతున్నదని కూడా వారు తేల్చినారు. అనగా ప్లాస్టిక్కు సమస్యలో పెద్దభాగం కుర్చీలది కాదు, బిందెలది కాదు, నీటి గొట్టాలది కాదు. అది సంచులది, సీసాలది, పొట్లాలది.

ఇంత చేటు చేసే వస్తువును నిషేధించరాదా అని శ్రోతలలో కొందరు ప్రశ్నింపవచ్చును. కొంతవరకు నిషేధించినారు కూడా. మన దేశంలో 2022 జులై 1 నుండి ప్లాస్టిక్కు గొట్టాలు, చెంచాలు, పళ్లెములు, గ్లాసులు మొదలైన కొన్ని వస్తువులు నిషిద్ధమైనవి. అదే సంవత్సరం డిసెంబరు 31 నుండి చేతిసంచి మందం 120 మైక్రానులకు తగ్గరాదన్నారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సంచి మందంగా ఉంటే రెండు కారణాలచేత మేలు. అది పలుమార్లు పనికివస్తుంది, పారవేసినా ఏరుకొనేవారికి గిట్టుబాటు అవుతుంది. కాని పాలప్యాకెట్టు, నూనెప్యాకెట్టు, షాంపూ ప్యాకెట్టు ఈ నిషేధంలో లేవు. ఉండుట కూడా కష్టమే. చెంచాకు మారుగా చేయి ఉన్నది. పాలకు మారుగా మరొకటి లేదు గదా! అందుచేత అక్కరకు వచ్చే ఈ చుట్టల విషయంలో రెండు మార్గాలు మాత్రమే మిగులుతున్నవి. ఒకటి, ఉన్న పాత్రనే మరల నింపుకొనుట. రెండు, వాడిన పాత్రను కరిగించి మరల పాత్రగా మార్చుట.

మొదటి మార్గం మనకు క్రొత్త కాదు. గిద్ద, సోల, తవ్వ, మానిక అనే కొలతలు తెలుగు ఇండ్లలో నిన్నమొన్నటివరకు నడచినవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. కూలి చేసికొని సాయంత్రం ఇంటికి పోయే మనిషి గిన్నె పట్టుకొని వెళ్లి గిద్దెడు నూనె కొని తెచ్చుకొనేది. కొన్నది కొంచెమే అయినా దానిచుట్టూ ప్రత్యేకంగా ఒక చుట్ట ఉండేది కాదు. సోడా సంగతి ఇంకా విశేషమైనది. హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు 1870ల తొలి సంవత్సరాలలో కనిపెట్టిన గోలీసీసా మన ఊళ్లలో గోలీసోడాగా స్థిరపడినది. సీసా మెడలోని గోలీని లోపలి వాయువే పైకి నెట్టి రబ్బరు కట్టుకు అదిమి ఉంచుతుంది. కనుక మూత అక్కర లేదు. త్రాగేవాడు కొట్టు ముందే నిలబడి త్రాగి, సీసాను అక్కడే ఇచ్చి పోతాడు. సరకు మాత్రమే కొనేవాడిది. సీసా అమ్మేవాడిది. ఈ చిన్న తేడాను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము.

అయితే ఆ పాతకాలమంతా మంచిదే అనుకొనుట పొరపాటు. విడిగా కొలిచి అమ్మే నూనెలో ఏమి కలిసినదో కొనేవారికి తెలియదు. 1998లో ఢిల్లీ నగరంలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన కారణంగా ఒళ్లు వాచే వ్యాధి వ్యాపించి 60 మందికి పైగా మరణించినారు. ఆ ఘోరం తరువాత విడినూనె అమ్మకంపై ఆంక్షలు బిగిసినవి. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలలో కూడా ఆ ఆంక్ష చోటుచేసికొన్నది. మూతివేసిన ప్యాకెట్టు మన ఇండ్లలోనికి కేవలం సోమరితనం వలన రాలేదు. కల్తీ భయం దానిని లోపలికి పిలిచినది. మరల నింపుకొనే పద్ధతి నిలబడవలెనంటే ఈ భయానికి సమాధానం చెప్పి తీరవలెను.

ప్యాకెట్టు వ్యాపించడానికి రెండవ కారణం పేదరికం. తమిళనాడులోని కడలూరు పట్టణానికి చెందిన చిన్ని కృష్ణన్ షాంపూను చిన్న పొట్లాలలో అమ్మవచ్చునని చూపినాడు. ఆయన కుటుంబంలోని వారే 1980లలో ఆ వ్యాపారాన్ని దేశమంతటా విస్తరింపజేసినారు. సీసా కొనలేని కూలిమనిషి కూడా ఒక పొట్లం కొని తలంటి పోసికొనగలిగినది. ఇందులో ఆక్షేపింపదగినది ఏమీ లేదు. పాతకాలపు గిద్ద చేసిన పనినే ఈ పొట్లం చేసినది. కాని గిద్ద కొట్టువాని వద్దనే ఉండిపోయేది. పొట్లం వీధిలో ఉండిపోతున్నది. చిన్న కొలతకు చిన్న చుట్ట అనివార్యమని మనము నమ్మినాము. ఆ నమ్మకమే ఇప్పుడు పరీక్షకు నిలువవలసి ఉన్నది.

ఆ పరీక్షలో నెగ్గిన వస్తువు ఒకటి శ్రోతల వంట ఇంటిలోనే ఉన్నది. అది గ్యాసు సిలిండరు. ఇంట వాడే సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. ఖాళీ అయిన సిలిండరును ఎవరూ పారవేయరు. ఏ మురుగుకాలువలోను అది కనిపించదు. ఎందుచేత? దానికి నాలుగు కారణాలున్నవి. మొదటిది, దానిపై మన పూచీసొమ్ము ఉన్నది. పాత్ర కంపెనీది, సరకు మనది. రెండవది, సిలిండర్లన్నీ ఒకే అచ్చులో పోసినవి. మనము ఇచ్చినదే మనకు తిరిగి రానక్కరలేదు, దానివంటిది మరొకటి వస్తే చాలును. మూడవది, నిండుది తెచ్చిన బండి ఖాళీదానిని తీసికొని పోతుంది. తిరుగుదారికి వేరే ఖర్చు లేదు. నాలుగవది, దానికి సీలు ఉన్నది, తూకం ఉన్నది, తనిఖీ ఉన్నది. సిలిండరు మెడవద్ద ఒక ఇంగ్లీషు అక్షరం, దాని ప్రక్కన రెండు అంకెలు కనిపిస్తవి. ఏ అంటే జనవరి నుండి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుండి జూన్, సీ అంటే జులై నుండి సెప్టెంబరు, డీ అంటే అక్టోబరు నుండి డిసెంబరు. అంకెలు సంవత్సరాన్ని చెప్పుతవి. ఆ గడువు దాటకముందే దానిని తిరిగి పరీక్షింపవలెనని అర్థం.

పూచీసొమ్ము, ఒకే అచ్చు, తిరుగుబండి, నమ్మదగిన తనిఖీ. ఈ నాలుగూ ఉన్నచోట మరల నింపే పద్ధతి ఎవరూ ఉపదేశించకుండానే నడుస్తుంది. ఒక్కటి లోపించినా కుంటుపడుతుంది. పట్టణాలలో ఇంటింటికి వచ్చే 20 లీటర్ల నీటి క్యానును గమనించండి. మొదటి మూడు లక్షణాలు దానికి చాలవరకు ఉన్నవి. అందుకే అది వీధిలో పడి ఉండదు. నాలుగవది మాత్రం అన్నిచోట్ల ఒకే తీరున లేదు. క్యాను ఎప్పుడు కడిగినారో, ఎన్ని ఏండ్లనుండి వాడుతున్నారో అడుగుట గృహస్థుల హక్కు.

ఈ సూత్రం ఇతర దేశాలలో ఎట్లు పనిచేసినదో చూతము. జర్మనీలో ఊటనీరు అమ్మే సంస్థలు ఎవరికి వారు వేరువేరు సీసాలు పెట్టుకొనక, 1969లో గుంటర్ కూపెట్జ్ రూపకల్పన చేసిన ఒకే గాజుసీసాను సమిష్టిగా స్వీకరించినవి. ఏ సంస్థ నింపినా సీసా ఒక్కటే, అంటించే చీటీ మాత్రం వేరు. అటువంటి గాజుసీసా సుమారు 50 మార్లు వరకు నింపుకొనవచ్చును. ఒక్కసారి వాడే సీసాలకు, డబ్బాలకు కూడా 2003 జనవరి 1 నుండి ఆ దేశంలో పూచీసొమ్ము నిర్ణయించినారు. ఇప్పుడది 25 సెంట్లు. దుకాణంలోని యంత్రంలో సీసా పెడితే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. వీధిలో ఎవరైనా పారవేసినా, సొమ్ము కొరకు మరొకరు ఏరుకొని తెస్తారు.

మన దేశంలో కూడా ఇందుకు నిదర్శనాలు లేకపోలేదు. 2022లో నీలగిరి జిల్లాలో మద్యం సీసాపై 10 రూపాయలు అదనంగా వసూలుచేసి, ఖాళీ సీసా తెచ్చినవారికి తిరిగి ఇచ్చే పద్ధతి ప్రారంభమైనది. అడవిలో పగిలిన గాజుపెంకులు ఏనుగుల కాళ్లలో గుచ్చుకొనుట ఆ నిర్ణయానికి ఒక కారణం. తిరుమల కొండపై ప్లాస్టిక్కు నీటిసీసాలను మాన్పించి గాజుసీసాలను ప్రవేశపెట్టినారు. అన్నింటికంటె పాతది, పెద్దది ఢిల్లీలోని మదర్ డైరీ ఏర్పాటు. 1974లో ఆరంభమైన ఆ సంస్థ బూతులలో చల్లని పాలను యంత్రాలద్వారా అమ్మినది. కొనేవారు బిళ్ల వేసి, ఇంటినుండి తెచ్చుకొన్న పాత్రను గొట్టం క్రింద పెట్టుకొంటారు. పాలు టాంకరునుండి యంత్రంలోనికి, యంత్రంనుండి పాత్రలోనికి పోతవి. మధ్య ఎవరి చేయీ పడదు. ప్యాకెట్టు ఖర్చు లేదు గనుక వెల కూడా కొంత తక్కువ. నమ్మకం ప్యాకెట్టులోనే ఉండవలెనని లేదు, అది యంత్రంలోను, తనిఖీలోను కూడా ఉండవచ్చునని ఢిల్లీ పాలబూతులు నిరూపించినవి.

చిన్న కొలతల సమస్యకు దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో ఒక ఉపాయం కనిపెట్టినారు. హోసే మాన్యుయల్ మొల్లెర్ అనే యువకుడు శాంటియాగో నగరంలోని పేదవాడలలో నివసిస్తూ, కొంచెం కొంచెంగా కొనేవారు కిలో ఒక్కటికి ఎక్కువ వెల చెల్లించుట గమనించినాడు. 2010ల దశకంలో అతడు స్థాపించిన సంస్థ పేరు అల్‌గ్రామో, అనగా గ్రాములెక్కన అని అర్థం. చిన్న కొట్లలో యంత్రాలు పెట్టి, సబ్బుపొడి మొదలైన వాటిని కొనేవారి డబ్బాలోనే, వారికి కావలసినంతే, పెద్ద పొట్లం ధరతో సమానంగా అమ్ముట దాని ఉద్దేశం. మన గిద్దకు ఇది సీలువేసిన క్రొత్త రూపం.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. మరల నింపుటలో కూడా ఖర్చు ఉన్నది. గాజు బరువైనది. వందల మైళ్లు లారీలో త్రిప్పితే డీజిలు రూపంలో నష్టం వస్తుంది. కడగడానికి నీరు, వేడి కావలెను. కనుక ఈ పద్ధతి నింపేచోటు దగ్గరగా ఉన్న సరకులకు తగినది. పాలు, నీరు, సోడా, సబ్బుద్రవం ఇటువంటివి. దూరదేశంనుండి వచ్చే మందుసీసాకు ఇది తగదు. అటువంటి వాటికి రెండవ మార్గాన్ని, అనగా కరిగించి మార్చుటను, ఆశ్రయింపవలసి ఉన్నది.

ఆ రెండవ మార్గంలో అసలు కష్టం కరిగించుటలో లేదు, వేరుచేయుటలో ఉన్నది. ప్లాస్టిక్కులన్నీ చూపునకు ఒకటిగా కనిపించినా, నీరు నూనెవలె ఒకదానితో ఒకటి కలియవు. సీసా అడుగున త్రిభుజంలో ఒక అంకె ఉంటుంది. 1988లో అమెరికాలో ప్రవేశపెట్టిన ఈ అంకెలు 1 నుండి 7 వరకు ఉన్నవి. 1 అంటే నీటిసీసాలకు వాడే పెట్. 2 గట్టి పాలిథీను, 4 మెత్తని పాలిథీను, 5 పాలిప్రొపిలీను. ఆ గుర్తు ఉన్నంతమాత్రాన వస్తువు తప్పక మరల తయారవుతుందని కాదు. అది ఏ జాతిదో మాత్రమే ఆ అంకె చెప్పుతుంది.

ఈ జాతిభేదాన్ని ఇంట్లోనే పరీక్షింపవచ్చును. నీటిసీసాను కత్తిరించి ఒక ముక్కను, దాని మూతను ఒక గిన్నెడు నీళ్లలో వేసి, గాలిబుడగలు పోయేటట్లు వ్రేలితో ముంచి వదలండి. సీసాముక్క మునుగుతుంది, మూత తేలుతుంది. సీసా పెట్‌తో చేసినది, నీటికంటె సాంద్రత ఎక్కువ. మూత పాలిథీను లేక పాలిప్రొపిలీనుతో చేసినది, నీటికంటె తేలిక. కర్మాగారాలలో చేసేదీ ఇదే. సీసాలను ముక్కలు చేసి, వేడినీళ్లలో కాస్టిక్ సోడా కలిపి కడిగి, తొట్టెలో వేసి తేలినవానిని, మునిగినవానిని వేరుచేస్తారు. పిదప ఆరబెట్టి, కరిగించి, చిన్న గుళికలుగా పోస్తారు.

ఆ గుళికలు చాలవరకు నూలుగా మారి చొక్కాలలోను, దిండ్లలోను చేరుతున్నవి. సీసా చొక్కా కాగలదు, కాని ఆ చొక్కా మరల సీసా అగుట అరుదు. ఏలననగా ప్లాస్టిక్కు పొడవైన అణుశృంఖలాల కూర్పు. కరిగించినప్పుడల్లా వేడికి, తేమకు ఆ గొలుసులు తెగి పొట్టివవుతవి. పాత బట్టను విప్పి మరల వడికితే నూలు పొట్టిదైనట్లే ఇది. ఇప్పుడు గుళికలను కరగనీయకుండా గాలి లేనిచోట చాలాసేపు వేడిచేసి, తెగిన గొలుసులను తిరిగి పొడవుగా కలిపే పద్ధతి వాడుకలోనికి వచ్చినది. దాని మూలంగా పాతసీసానుండి ఆహారపదార్థాలకు తగిన క్రొత్తసీసా తయారుచేయుట సాధ్యమైనది. 2022 ఫిబ్రవరిలో మన కేంద్రప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాలు, గట్టి ప్లాస్టిక్కు పాత్రలలో పాతదానిని మరల వాడే భాగం 2025-26లో నూటికి 30 వంతులతో మొదలై 2028-29 నాటికి 60 వంతులు కావలెనని నిర్దేశించినవి. పాత్ర మార్కెట్టులోనికి పంపినవారిదే దాని తిరుగుదారి బాధ్యత అని ఆ మార్గదర్శకాల సారాంశం.

మరొక నూతన మార్గం సూక్ష్మజీవులు చూపినవి. జపాను దేశంలోని సకాయి నగరంలో సీసాలను కరిగించే కర్మాగారం దగ్గరి మట్టిలో ఒక సూక్ష్మజీవి పెట్ ప్లాస్టిక్కును ఆహారంగా తీసికొనుట జపాను శాస్త్రజ్ఞులు 2016లో వెల్లడించినారు. 2020లో ఫ్రాన్సు దేశపు కార్బియోస్ సంస్థ, టూలూజ్ పరిశోధకులు కలిసి మరొక ఎంజైమును మెరుగుపరచి, పొడిచేసిన పెట్‌లో నూటికి 90 వంతులను 10 గంటలలో మూలపదార్థాలుగా విడగొట్టినారు. మూలపదార్థం చేతికి వస్తే దానినుండి సరిక్రొత్త ప్లాస్టిక్కును తయారుచేయవచ్చును. అయితే ఈ విద్య పెట్‌కు మాత్రమే అబ్బినది. పెట్ గొలుసులో ఎంజైము పట్టుకొని తెంచగల ముడులు వరుసగా ఉన్నవి. పాలిథీను గొలుసులో అటువంటి ముడులు లేవు.

అన్నింటికంటె మొండిది షాంపూ పొట్లం, చిప్సు పొట్లం. చూచేవారికి అది ఒకే పొర. నిజానికి అచ్చువేయడానికి పైన ఒక ప్లాస్టిక్కు, గాలి వెలుతురు చొరకుండా మధ్య అల్యూమినియం, అంచులు అతుక్కొనడానికి లోపల పాలిథీను ఉంటవి. ఈ మూడింటిని ఊడదీయుట ఏరేవారికి గాని, యంత్రానికి గాని సులభం కాదు. కొన్నవారు లేరు గనుక ఏరేవారు లేరు. ఏరేవారు లేరు గనుక అది కాలువలో ఉన్నది. దీనికి ఒక ఉపాయం మధురై నగరంలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ చూపినాడు. వేడిచేసిన కంకరపై ప్లాస్టిక్కు ముక్కలు చల్లితే అవి కరిగి రాతికి పూతవలె పట్టుకొంటవి. ఆపైన తారు కలిపితే రోడ్డుకు పట్టు ఎక్కువ అవుతుంది. ఆయనకు 2018లో పద్మశ్రీ బిరుదు లభించినది. ఇది మంచి ఉపాయమే. అయినా రోడ్డులో చేరిన పొట్లం మరల పొట్లం కాదు. రేపటి పొట్లానికి మరల క్రొత్త ప్లాస్టిక్కు కావలెను. అందుచేత పొట్లాన్ని మొదటినుండి ఒకే జాతి ప్లాస్టిక్కుతో తయారుచేయుట, లేదా పొట్లం అక్కరలేని కొలతపద్ధతిని తెచ్చుట, ఈ రెండే శాశ్వత పరిష్కారాలు.

ఈ ఏర్పాటులన్నింటి అడుగున కొందరు మనుషులున్నారు. గోనె భుజాన వేసికొని తెల్లవారకముందే కుండీలు వెదకే స్త్రీలు, సైకిలుపై పాతసామాన్లు కొనేవారు, వారినుండి తూకానికి తీసికొనే కొట్టువారు. మన దేశంలో పెట్ సీసా వీధిలో ఎక్కువసేపు ఉండక పోవడానికి ముఖ్యకారణం వీరి శ్రమయే. చేతితో తడిమి, నలిపి చప్పుడు విని ఏ ప్లాస్టిక్కు ఏ జాతిదో చెప్పగలరు. వారి సంపాదన మాత్రం మనము కుండీలో ఏమి ఎట్లు వేసినామో దానిపై ఆధారపడి ఉన్నది. కుళ్లిన కూరలతో కలిసిన సంచిని విప్పేటప్పుడు వారి చేతులకు గాజుపెంకులు, వాడిన సూదులు గుచ్చుకొంటవి. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయవలెనని 2016 నుండి నిబంధన ఉన్నది. అది కేవలం శుభ్రతను గురించినది కాదు. ఒక స్త్రీ చేతులను, ఆమె నాటి కూలిని గురించినది కూడా.

ఇక గృహస్థులు ఆచరింపదగినవి. పాలప్యాకెట్టు మూలను పూర్తిగా కత్తిరించి పారవేయక, ముక్క దానినే అంటిపెట్టుకొని ఉండేటట్లు కోయండి. ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు. ప్యాకెట్టును గిన్నెలు కడిగిన నీటిలోనే ఒకమారు జాడించి తీగపై ఆరవేయండి. ప్లాస్టిక్కును పెరటిలో కాల్చకండి. కొన్ని జాతుల పొగ విషతుల్యమైనది. దగ్గరలో పాత్ర తెచ్చుకొంటే పాలు, సబ్బుద్రవం నింపి ఇచ్చే చోటు ఉన్నదేమో విచారించండి. లేనిచో ఎందుకు లేదని కొట్టువానిని, కంపెనీవారిని అడగండి. ఒకరు అడిగితే వింతగా ఉంటుంది. వీధిలో ఇరువది ఇండ్లవారు అడిగితే అది వ్యాపారం అవుతుంది.

ఏ క్రొత్త వస్తువు చేతికి వచ్చినా ఒక ప్రశ్న వేసికొనుట మంచిది. ఇది వచ్చిన దారి కనిపిస్తున్నది, తిరిగి పోయే దారి ఏది? గ్యాసు సిలిండరుకు ఆ దారి ఉన్నది. గోలీసోడాకు ఉన్నది. షాంపూ పొట్లానికి ఇంకా వేయవలసి ఉన్నది. కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్టుకు పాతసామాన్ల కొట్టులో ధర ఉన్నది. పెరుగన్నంతో కలిపి పారవేసిన అదే ప్యాకెట్టుకు లేదు. ఆ ధరను నిలుపుటయో, పోగొట్టుటయో నిర్ణయమయ్యేది కర్మాగారంలో కాదు, మన వంట ఇంటి గట్టుమీద.